పలక మీద గీసిన కారు

ఉత్తర లండన్‌లోని హార్న్సీ స్టేషన్‌లో దిగి టాటెన్‌హామ్ లేన్‌లోకి తిరిగితే ప్రత్యేకంగా చూడవలసిందేమీ కనిపించదు. ఎర్ర ఇటుక ఇళ్లు, చిన్న కొట్లు, బస్సు కోసం నిలబడ్డ జనం. ఒకప్పుడు ఇక్కడ రైల్వే హోటల్ అని ఒక పబ్బు ఉండేది. నడిపింది స్టాన్ చాప్‌మన్. పబ్బు వెనక పాత గుర్రపుశాలలు ఖాళీగా పడి ఉంటే, ఆయన కొడుకు కోలిన్ 1952లో వాటిలోనే లోటస్ ఇంజినీరింగ్ కంపెనీ మొదలుపెట్టాడు. 1963లో ఆ కంపెనీ కారు నడిపి జిమ్ క్లార్క్ ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు, 1965లో మళ్లీ అయ్యాడు. నేను ఆ రేసు కార్లను వెతుక్కుంటూ రాలేదు. ఒక మామూలు ఉద్యోగి తన ఇంటి గ్యారేజీలో, సాయంత్రాలూ శనాదివారాలూ పనిచేసుకుంటూ, షోరూమ్‌లో దొరికే చాలా కార్లను వెనక్కి నెట్టే కారును సొంతంగా కట్టుకోవటం ఈ దేశంలో మూడు తరాలుగా సాగుతోంది. అది ఎక్కడ పుట్టింది, ఇన్నాళ్లు ఎలా నిలిచింది, చూడాలని వచ్చాను.

పుట్టిన చోటు హార్న్సీ కూడా కాదు. అక్కడి నుంచి అలెగ్జాండ్రా ప్యాలెస్ కొండ మీదుగా నడిస్తే మజ్‌వెల్ హిల్ వస్తుంది. 1948లో, యూనివర్సిటీ కాలేజీలో నిర్మాణాల ఇంజినీరింగ్ చదువుకున్న కోలిన్, తను ప్రేమించిన హేజల్ వాళ్ల ఇంటి వెనక ఉన్న చిన్న షెడ్డులో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పాడు. ఆస్టిన్ సెవెన్ 1922 నుంచి 1939 దాకా తయారైన చవక కారు. యుద్ధం అయ్యాక పాతవి తక్కువ ధరకే దొరికేవి. దాని మీద అల్యూమినియం అంటించిన ప్లైవుడ్‌తో కొత్త బాడీ కట్టాడు. అదే మొదటి లోటస్. తర్వాత ఆ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, కంపెనీ పెట్టటానికి మొదటి పాతిక పౌండ్లు ఆమే ఇచ్చింది. కొండ దిగుతూ ఇళ్ల వెనక సందుల్లో వరసగా ఉన్న గ్యారేజీలను చూశాను. అన్నిటికీ తలుపులు వేసి ఉన్నాయి. ఎన్నిటి లోపల ఏం తయారవుతోందో అనిపించింది. ఇక్కడ ఆ ఆలోచన అతిశయోక్తి కాదు.

దీని వెనక ఒక పన్ను కథ ఉంది. యుద్ధకాలంలో బ్రిటన్ పెట్టిన కొనుగోలు పన్ను, యుద్ధం తర్వాత కూడా కొత్త కార్ల మీద బరువుగా పడేది. పూర్తిగా తయారైన కారు కొంటేనే పన్ను. విడి భాగాలుగా కొని, కొన్నవాడే బిగించుకుంటే లేదు. చాప్‌మన్ ఈ వెసులుబాటు చూసి 1952లో మార్క్ సిక్స్ అనే కారును భాగాలుగా అమ్మాడు. 1957లో వచ్చింది లోటస్ సెవెన్. సన్నటి గొట్టాల చట్రం, రెండు సీట్లు, బయటికి నిలబడ్డ ముందు చక్రాలు, వాటి మీద విడిగా మడ్‌గార్డులు. తలుపుల్లేవు. ఉన్నా లేకపోయినా ఫర్వాలేదనిపించినదాన్నల్లా చాప్‌మన్ తీసేశాడు. కిట్‌తోపాటు బిగించే పద్ధతి రాసి ఇవ్వకూడదని నిబంధన ఉండేదనీ, అందుకని లోటస్ వాళ్లు విప్పే పద్ధతి రాసి ఇచ్చేవారనీ, దాన్ని వెనక నుంచి చదువుకోవాలనీ సెవెన్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1973 ఏప్రిల్‌లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. కిట్లకున్న లాభం పోయింది. లోటస్ అదే ఏడాది సెవెన్ హక్కులను సర్రేలోని కేటర్‌హామ్ ఊళ్లో కార్ల వ్యాపారం చేస్తున్న గ్రాహం నీర్న్‌కు అమ్మేసింది. కేటర్‌హామ్ కంపెనీ డార్ట్‌ఫోర్డ్‌లో ఆ కారును ఇప్పటికీ చేస్తోంది. కావాలంటే ఇప్పటికీ భాగాలుగానే ఇంటికి పంపిస్తుంది.

నన్ను పట్టుకున్న సంగతి ఇక్కడే ఉంది. పన్ను తప్పించుకోవటం కోసం మొదలైన పని, ఆ పన్ను పోయాక ఆగిపోవాలి కదా? ఆగలేదు. చేతులు అలవాటు పడిపోయాయి.

ఆ అలవాటు వెంటపడి కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి పీటర్‌బరోలో దిగి, అక్కడి నుంచి బస్సులో ఔండిల్ చేరాను. ఆ ఊరికి రైలు 1964లోనే ఆగిపోయింది. నీన్ నది ఒడ్డున, తేనెరంగు రాతి ఇళ్ల మధ్య, సూదిలాంటి చర్చి శిఖరం ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. ఊరు సగం బడిదే. ఔండిల్ స్కూలు పాతది, ఖరీదైనది. 1892 నుంచి 1922 దాకా దానికి హెడ్‌మాస్టరుగా ఉన్న ఎఫ్.డబ్ల్యూ. శాండర్సన్ లాటిన్, గ్రీకు చదువుల కోటలోకి లేతులూ కొలిమీ పట్టుకొచ్చాడు. ప్రతి విద్యార్థీ ఏడాదిలో కొంతకాలం వర్క్‌షాపులో గడపాలన్నాడు. హెచ్.జి. వెల్స్ తన కొడుకులను ఆ బడికి పంపాడు, శాండర్సన్ చనిపోయాక ఆయన జీవితచరిత్ర కూడా రాశాడు. అలాంటి బడిలోనే ఉపాధ్యాయుడుగా పనిచేశాడు రాన్ ఛాంపియన్.

ఆయన 1996లో ఒక పుస్తకం రాశాడు. హేన్స్ వాళ్లు వేశారు. 250 పౌండ్లతోనే మీ స్పోర్ట్స్ కారు మీరే కట్టుకోండి అన్నది దాని పేరులోనే ఉంది. లోటస్ సెవెన్ పోలికలో ఉండే కారు. కిట్ కొనక్కర్లేదు. అంగుళం చదరపు ఇనుప గొట్టాలు కొలిచి కోసి, చట్రం మనమే వెల్డింగు చేసుకోవాలి. తుప్పుపట్టి తనిఖీలో ఫెయిలైన పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి కొని ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిలు, స్టీరింగు దానిలోంచి తీసుకోవాలి. పనికిరానివి అమ్మేస్తే కొంత డబ్బు తిరిగి వస్తుంది. ఏ గొట్టం ఎంత పొడవో, ఏ కోణంలో కోయాలో పట్టికలు, బొమ్మలు ఉంటాయి. వర్క్‌షాపులో కుర్రాళ్ల పక్కన నిలబడి నేర్పే మాస్టారు గొంతే ఆ పుస్తకం నిండా వినిపిస్తుంది. దానిలోంచి లోకాస్ట్ అనే ఒక కార్ల జాతే పుట్టింది. 750 మోటార్ క్లబ్ వాటికి విడిగా రేసులు పెట్టింది. ఆ క్లబ్ 1939లో ఆస్టిన్ సెవెన్ అభిమానులు పెట్టుకున్నది. కుర్రతనంలో చాప్‌మన్ పోటీ పడింది కూడా దాని రేసుల్లోనే.

ఇవాళ 250 పౌండ్లకు టైర్లు కూడా రావు. ఆ కాలపు ఎస్కార్ట్‌లను ర్యాలీలవాళ్లు ఎగబడి కొంటున్నారు, ధర ఎక్కడికో పోయింది. కానీ ఆ లెక్క చెడితే పుస్తకం చెడలేదు. మనుషులు ఇంకో చవక కారును వెతుక్కున్నారు. ఆ కారును నేను లెమింగ్టన్ స్పాలో, మా మేనల్లుడి గ్యారేజీలో చూశాను.

వాడు విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ చదివాడు. కాలేజీ తరఫున బాహా పోటీకి మట్టిదారుల బండి కట్టిన జట్టులో ఉండి, పీతంపూర్ దాకా వెళ్లొచ్చాడు. తర్వాత కోవెంట్రీలో మాస్టర్స్ చేసి, ఆ చుట్టుపక్కల కార్ల పరిశ్రమలోనే ఉద్యోగంలో చేరాడు. ఈ ప్రాంతంలో అలాంటి తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. పగలంతా కంప్యూటర్ తెర మీద సస్పెన్షన్ లెక్కలు వేస్తాడు. సాయంత్రం గ్యారేజీ తలుపు పైకి లేపి, చేతికి తోలు గ్లవుజులు తొడుక్కుంటాడు.

"మామయ్యా, కళ్లద్దాలు పెట్టుకో, అటు చూడకు," అని వాడు వెల్డింగు మొదలుపెట్టాడు. గ్యారేజీ అంటే ఒక కారు పట్టే గది. మధ్యలో మందపాటి చెక్క పలక, ఇనుప స్టాండ్ల మీద, నీటిమట్టం పెట్టి సరిచేసి ఉంది. దాని మీద కారు అడుగుభాగం అసలు కొలతలోనే పెన్సిలుతో గీశాడు. గీతల వెంబడి చెక్కముక్కలు మేకులతో కొట్టాడు. కోసిన గొట్టం ఆ ముక్కల మధ్య కదలకుండా కూర్చుంటుంది. పలక నిక్కచ్చిగా ఉంటేనే కారు నిక్కచ్చిగా ఉంటుంది, లేకపోతే జీవితాంతం ఒక పక్కకు లాగుతుంది అన్నాడు.

గొట్టం గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఇంత పల్చటి గొట్టాలు నిజంగా ఇంజను మోస్తాయా అని అడిగాను. వాడు నాలుగు ముక్కలకు మూలల దగ్గర చిన్న టాకాలు వేసి చతురస్రం చేసి నా చేతికిచ్చాడు. అటూ ఇటూ నొక్కితే, నులక సడలిన మంచం కోళ్లలాగా కదిలింది. తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు ఇంకో ముక్క అతికించి ఇచ్చాడు. ఎంత బలం పెట్టినా కదల్లేదు. చట్రమంతా ఇదే కిటుకు. నాలుగు మూలల గడి ఎక్కడుంటే అక్కడ ఐమూలగా ఒక గొట్టం పడాలి. అప్పుడు ఏ గొట్టమూ వంగక్కర్లేదు, లాగుడో నొక్కుడో మాత్రం భరిస్తే చాలు. వంతెనలకూ రైల్వే షెడ్ల కప్పులకూ ఉన్న బలం ఇదే. చాప్‌మన్ చదివిన చదువు నిర్మాణాలదని ఊరికే చెప్పలేదు.

వేడితో చిక్కు ఉంది. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ గొట్టాన్ని తనవైపు లాగుతుంది. ఒక పక్కనే వరసగా వేసుకుంటూ పోతే చట్రం అరటికాయలా వంకరపోతుందని విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ వాడికి కాలేజీ రోజుల్లోనే చెప్పాడట. అందుకని ముందు చట్రం మొత్తాన్ని టాకాలతో నిలబెడతాడు. ఐమూల కొలతలు రెండూ సరిపోయాయో లేదో టేపుతో చూస్తాడు. తర్వాత ఎడమ ఒక వెల్డు, కుడి ఒక వెల్డు, ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో చల్లారనిస్తూ వేస్తాడు. ఒక సాయంత్రానికి అయ్యే పని చాలా తక్కువ. తొందరపడనివాడికే ఈ పని. నాకు అది చూస్తూ కూర్చోవటంలో ఉన్న సుఖం చెప్పలేను.

గ్యారేజీ బయట, టార్పాలిన్ కింద, ఎరుపు రంగు మాజ్డా ఎంఎక్స్-5 ఉంది. సగం విప్పేసి ఉంది. ఇక్కడ చలికాలంలో మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఈ కారు తలుపుల కింది పెట్టెభాగాలను తినేస్తుంది. తనిఖీలో పోతుంది. ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మాత్రం నిక్షేపంగా ఉంటాయి. అలాంటిది ఒకటి కొంటే ఇంటికారుకు కావలసిన యంత్రమంతా ఒక్కచోటే దొరుకుతుంది. హిరోషిమాలో తయారై 1989లో వచ్చిన ఎంఎక్స్-5కు స్ఫూర్తి 60ల నాటి బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కార్లే, ముఖ్యంగా లోటస్ ఎలాన్. ఇంగ్లండు నుంచి జపాను పోయిన ఆలోచన ఇప్పుడు తుక్కుగా మారి మళ్లీ లోటస్ ఆకారంలోకే వస్తోంది.

విప్పిన ప్రతి బోల్టూ చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంది, పైన చీటీ. వైర్ల కట్ట మాత్రం నేలమీద పరిచి ఉంది. కారులో వైరింగు అంత ఉంటుందని నాకు తెలియదు. కిటికీల మోటార్లు, హీటరు, రేడియో, రెండో రకం లైట్లు, ఇవేవీ కొత్త కారులో ఉండవు. ఒక్కో వైరును బొమ్మలో చూసుకుంటూ పట్టుకుని, అక్కర్లేదని తేలాకే కోస్తున్నాడు. ఇంజను కంప్యూటర్‌కు వెళ్లేది ఒక్కటి పొరపాటున తెగినా బండి లేవదు.

వేగం సంగతి అడిగితే వాడు పలక అంచు మీదే లెక్క వేశాడు. 1.8 లీటర్ల ఇంజను బలం సుమారు 130 హార్స్‌పవర్. అసలు మాజ్డా బరువు టన్ను చిల్లర. అదే ఇంజను ఈ చట్రంలో కూర్చుంటే బండి మొత్తం 600 కిలోలకు అటూ ఇటూ. టన్నుకు రెండు వందల హార్స్‌పవర్ పైమాట. మన ఊళ్లలో తిరిగే మామూలు పెట్రోల్ చిన్నకార్లకు టన్నుకు వంద ఉంటే గొప్ప. కేటర్‌హామ్ కంపెనీ 2013లో తెచ్చిన 620ఆర్ ఈ లెక్కకు చివరి మెట్టు. 310 హార్స్‌పవర్, సుమారు 545 కిలోలు, గంటకు 60 మైళ్ల వేగం 2.79 సెకన్లలో. బలం పెంచటానికి డబ్బు కావాలి, బరువు తగ్గించటానికి ఆలోచన చాలు. ఆలోచన గ్యారేజీలోనూ దొరుకుతుంది కాబట్టే ఇంటి కారు ఈ పందెంలో నిలబడగలిగింది.

మే నెల మొదటి వారాంతంలో స్టోన్‌లీ వెళ్లాం. కోవెంట్రీకి దక్షిణంగా, ఒకప్పుడు దేశం మొత్తానికి పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరిగిన మైదానంలో ఇంటికార్ల జాతీయ ప్రదర్శన జరుగుతుంది. ఎద్దులూ పొట్టేళ్లూ బహుమతులు గెలిచిన చోట గడ్డి మీద వరసగా కార్లు. ఎక్కువమంది తమ కార్లలోనే వచ్చారు. పక్కన మడతకుర్చీ, టీ ఫ్లాస్కు. ఎవరిని పలకరించినా బానెట్ పైకి లేపుతారు. లేపి ముందు తమ తప్పులు చూపిస్తారు. ఈ పైపు ఇటు తిప్పాల్సింది, ఈ రేకు రెండుసార్లు చేశాను, అని. కొన్న కారు యజమాని ఎవరూ అలా మాట్లాడగా వినలేదు.

కోబ్రాల వరస దగ్గర జనం ఎక్కువ. ఇంజను వేస్తే నేల అదురుతుంది. ఆ కారు పుట్టుక కూడా అతుకులదే. కోడిఫారం నడిపి నష్టపోయి రేసుల్లోకి వచ్చిన టెక్సస్ మనిషి కారల్ షెల్బీ. 1959లో లె మాన్స్ గెలిచాడు, గుండెజబ్బుతో రేసులు మానుకున్నాడు. 1962లో, లండన్ పక్క థేమ్స్ డిటన్‌లో ఏసీ అనే కంపెనీ చేసే తేలికైన ఏస్ కారు తెప్పించి, దానిలో ఫోర్డ్ వి8 ఇంజను పెట్టాడు. అదే కోబ్రా. అసలు కోబ్రాలు వెయ్యికి లోపే తయారయ్యాయి. మొట్టమొదటిది 2016 వేలంలో కోటీ 37 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. కాబట్టి స్టోన్‌లీలో ఉన్నవన్నీ ప్రతిరూపాలే. ఫైబర్ బాడీ, కింద చాలావాటికి పాత జాగ్వార్ సస్పెన్షన్, ముందు రోవర్ వి8 ఇంజను.

అసలుది కాదు కదా అని కొందరు వీటిని చిన్నచూపు చూస్తారు. ఆ మాట నాకు నచ్చదు. వేలంలో కోట్లు పోసి కొన్న కారు ఏసీ ఉన్న గదిలో నిద్రపోతుంది. షెల్బీ చేసిన పనిని, అంటే ఒక దేశపు చట్రంలోకి ఇంకో దేశపు ఇంజను ఎక్కించి రోడ్డు మీద పరిగెత్తించటాన్ని, ఇవాళ చేస్తున్నది ఈ మడతకుర్చీల మనుషులే. అయితే ఒక హద్దు ఉంది. తను చేసినదాన్ని అసలుదని చెప్పి అమ్మినవాడు దొంగ. ఆ వరసలో నేను మాట్లాడినవాళ్లంతా, అడగకముందే, ఇది నేను కట్టింది అన్నారు. అసలుదానికంటే అది వాళ్లకు ఎక్కువ.

కోవెంట్రీలో ఒక పూట రవాణా మ్యూజియంలో గడిపాం. బ్రిటన్‌లో కార్ల పరిశ్రమ వేళ్లూనిన ఊరది. 1940 నవంబరు 14 రాత్రి బాంబులకు ఊరి నడిబొడ్డు కాలిపోయింది. పైకప్పులేని పాత కెథీడ్రల్ గోడలను అలాగే ఉంచి పక్కనే కొత్తది కట్టారు. ఈ ఊరి పేరు పెట్టుకున్న కోవెంట్రీ క్లైమాక్స్ కంపెనీ 50ల మొదట్లో ప్రభుత్వం కోసం అగ్నిమాపక పంపులకు ఒక ఇంజను చేసింది. మనుషులు మోసుకెళ్లగలిగేంత తేలిగ్గా ఉండాలి, స్విచ్చు వేయగానే పూర్తి బలంతో లేవాలి. రేసు కారుకు కావలసిందీ అదే. చాప్‌మన్ దాని వంశపు ఇంజన్లను తన కార్లలో పెట్టాడు. మంటలార్పే ఇంజను లె మాన్స్ దాకా పోయింది.

ఇక్కడే, ఇంటికార్లకు పెట్టే పరీక్ష గురించి వాడూ నేనూ కాసేపు గట్టిగా మాట్లాడుకున్నాం. ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే బ్రిటన్‌లో ఐవీఏ అనే పరీక్ష పాసవ్వాలి. 2009 నుంచి ఉంది, అంతకుముందు ఎస్వీఏ ఉండేది. ఒక్క మనిషి, ఒక్క కారు, ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు. బ్రేకులు రోలర్ల మీద పెట్టి చూస్తారు. పొగ, చప్పుడు, లైట్ల ఎత్తు, అద్దాల్లో కనిపించే మేర, స్పీడోమీటర్ నిజం చెబుతుందా లేదా, సీటుబెల్టు బిగించిన చోటు బలం, అన్నీ చూస్తారు. మలుపులో స్టీరింగు వదిలితే అది తనంతట తాను మధ్యకు రావాలి. 100 మిల్లీమీటర్ల గుండ్రటి బంతి కారు మీద ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడ ఏ అంచూ వాడిగా ఉండకూడదు, కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రనం ఉండాలి. రోడ్డు మీద నడిచేవాడికి తగిలితే కోసుకోకూడదని. ఫెయిలైతే ఎందుకో కాగితం మీద రాసిస్తారు. సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. భాగాల వయసు తేలని కారుకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ప్లేటు వస్తుంది.

మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. కొత్త మోడల్ తెచ్చే కంపెనీ నమూనా బండిని పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్షకు పెట్టాలి. అది వేల బండ్లు అమ్మే కంపెనీ కోసం వేసిన దారి, ఒకే ఒక్క బండి కట్టుకున్నవాడి జేబుకూ ఓపికకూ అందేది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ చట్రం మీద కేబిన్, బాడీ మొత్తం కట్టి నిలబెట్టే మేస్త్రీలున్నారు. రేకు వంపు చేత్తో తడిమి చెప్పగలరు. మా వాడికి వెల్డింగు నేర్పింది వాళ్లే. ఏటా మన కాలేజీల పిల్లలు బాహా బండ్లు కట్టి, పోటీ అయ్యాక వర్క్‌షాపు వెనక షెడ్డులో పెట్టేస్తున్నారు. నేర్పు ఉంది, కోరిక ఉంది. పరీక్షించి ఔననో కాదనో చెప్పే ఇన్‌స్పెక్టరు లేడు. అడ్డదిడ్డంగా మార్చిన సైలెన్సర్ల మోతలో పడి నిజంగా నేర్పున్నవాడికీ లేనివాడికీ ఒకే నిషేధం అమలవుతోంది. 2.5 మిల్లీమీటర్ల గుండ్రనం చూసేంత కఠినమైన పరీక్ష పెట్టండి, కానీ పెట్టండి అన్నదే నా కోరిక.

వాడు అంత తొందరగా ఒప్పుకోలేదు. "మన రోడ్ల మీద జనం ఎలా నడుస్తారో తెలుసుగా మామయ్యా. పరీక్ష పెడితే సరిపోదు, పరీక్షను కొనకుండా ఉండాలి." దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ భయంతో తలుపే పెట్టకపోవటం సరికాదని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను.

మా వాడి పక్కింట్లో ఉండే పెద్దాయన కోవెంట్రీ ఫ్యాక్టరీల టూల్‌రూముల్లో పనిచేసి రిటైరయ్యాడు. రాన్ ఛాంపియన్ పుస్తకం వచ్చిన కొత్తల్లో దాన్ని చూసి కట్టిన కారు ఆయన దగ్గరుంది. ఎస్కార్ట్ యాక్సిలు, ఫోర్డ్ క్రాస్‌ఫ్లో ఇంజను, రెండు వెబర్ కార్బురేటర్లు. ఆదివారం పొద్దున నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎక్కటం కాదు, దిగటమే. సీటు నేలకు జానెడు ఎత్తు. చెయ్యి బయటికి వేలాడేస్తే రోడ్డు తగులుతుంది.

ఊరు దాటాక ఫాస్ వే వచ్చింది. రోమన్లు లింకన్ నుంచి ఎక్సెటర్ దాకా వేసిన దారి. ఇక్కడ మైళ్ల తరబడి తిన్నగా పోతుంది. రెండువైపులా పొలాల్లో నూనెగింజల పంట పసుపుపచ్చగా పూసి ఉంది. చెస్టర్‌టన్ గుట్ట మీద 17వ శతాబ్దపు గాలిమర, ఆరు రాతి కమానుల మీద నిలబడి కనిపించింది. ఆయన గేరు తగ్గించి తొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. కార్బురేటర్ల గుటకలు మోకాలి పక్కనే వినిపిస్తున్నాయి. ఎదురుగా ముందు చక్రాలు గతుకు గతుకుకూ పైకీ కిందికీ ఆడటం కళ్లారా కనిపిస్తుంది. మలుపులో కారు ఒరగలేదు, నేనే ఒరిగాను. వేగం చూస్తే అరవై మైళ్ల లోపే ఉంది. వంద దాటినట్టు అనిపించింది. పెద్ద కారులో వేగం ముల్లు చూపిస్తే తెలుస్తుంది. దీనిలో గాలి, నేల, పెట్రోలు వాసన, అన్నీ కలిసి ఒంటికే చెబుతాయి. వయసు మర్చిపోయి గట్టిగా అరిచాను. ఆయన విన్నాడు, ఇంకొంచెం తొక్కాడు.

తిరిగొచ్చాక తన ఫైలు తెచ్చి మా వాడి బల్ల మీద పెట్టాడు. రసీదులు, ఫొటోలు, పరీక్ష కాగితాలు. మొదటిసారి ఆయన కారు ఫెయిలైంది. ఒక అద్దం కోణం చాల్లేదు, సస్పెన్షన్ బోల్టు చివర మొన తేలి ఉంది, స్టీరింగు తిరిగి మధ్యకు రావటం లేదు. ముందు చక్రాల వంపు కొద్దిగా మార్చి, బోల్టులకు గుండ్రటి టోపీలు తొడిగి మళ్లీ తీసుకెళ్లాడు, పాసైంది. మా వాడు ఆ మూడూ తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

"ఫొటోలు తీసుకుంటున్నావా?" అని అడిగాడు పెద్దాయన. ఔత్సాహికుడే కట్టాడని రుజువు చూపించాలి, పెయింటు వేశాక వెల్డులు ఎవరికీ కనపడవు. మా వాడు చాలావరకు తీయలేదన్నాడు. రెండు చేతులకూ పని ఉంటే ఎలా తీస్తాడు? ఆ సాయంత్రం ముందు సస్పెన్షన్ బ్రాకెట్లు అతికించే పని ఉంది. వాడు మాస్కు దించుకున్నాడు, పెద్దాయన కొలబద్ద పట్టుకున్నాడు, ఫోను నేను తీసుకున్నాను.